అందానికి కట్టిన నులక

ఆ వీధిలో ఎవరింట్లో స్టూలు తిరగేసి చూసినా, ఒక కాలి అడుగున చిన్న చుక్క కనిపిస్తుంది. ఉలి మొనతో పొడిచిన ఒకే ఒక్క పోటు. అది తరిమెనాయన చేతి స్టూలని గుర్తు. ఆయనకు సంతకం రాక కాదు. "పేరు చూసి ఎవరు కూర్చుంటారు? కూర్చున్నాక కదలకుండా ఉంటే చాలు" అనేవాడు.

తిరుగుతున్న కర్రకు ఉలి ఆనించి, గుండ్రంగా, నున్నగా తీర్చడాన్ని తరిమెన పట్టడం అంటారు. నలభై ఏళ్ళకు పైగా ఆయనకు అదే పని. కాళ్ళూ అడ్డకర్రలూ ఆయన తీరిస్తే, పైన కూర్చునే చోటును నులకతో అల్లేది ఆయన భార్య. అందుకే ఆయన తరిమెనాయన, ఆమె నులకమ్మ. కన్నవాళ్ళు పెట్టిన పేర్లు వాళ్ళకైనా గుర్తున్నాయో లేదో. ఇంటికి మోటారు రాకముందు తరిమెనకు చుట్టిన తాడు లాగింది కూడా ఆమే. తాడు ఆమె వైపు వచ్చినప్పుడు ఉలి కర్రను తాకాలి, వెనక్కి పోయినప్పుడు తప్పుకోవాలి. చెయ్యి ఏమాత్రం తడబడినా కర్ర పాడవుతుంది. "పెళ్ళయిన ఆర్నెల్ల దాకా మాకు మాటల్లేవు. తాడుతోనే కాపురం చేశాం" అని నులకమ్మ నవ్వేది.

నులక అల్లడం పూర్తయ్యాక చివరి ముడి వేసేటప్పుడు ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. దాని మీద కూర్చోబోయే మనిషి ఎవరో తెలియకపోయినా, వాళ్ళ నడుము నొప్పి తగ్గాలనో, ఇంట్లో గొడవ సద్దుమణగాలనో దేవుణ్ణి అడిగి, అప్పుడు ముడి బిగించేది. ఎవరూ చూడరనుకునేది. ఆయన చూసేవాడు.

ఇన్ని స్టూళ్ళు చేసిన ఆ ఇంట్లో మాత్రం స్టూలు లేదు. ఉంచుకుందామని పక్కన పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి, "మా అమ్మ మోకాళ్ళు వంగడం లేదు నులకమ్మా" అనేవాళ్ళు. ఆమె అదే తీసి ఇచ్చేసేది. "మనకేం, కింద కూర్చుంటాం. నేల ఎక్కడికి పోతుంది?" అనేది.

నేల ఎక్కడికీ పోలేదు గానీ, వయసొచ్చాక ఆమే నేలకు దూరమైంది. కిందికి వంగలేక బజారు నుంచి ప్లాస్టిక్ స్టూలు తెప్పించుకుంది. ఒకరోజు దాని మీద కూర్చుని కూర తరుగుతుంటే, తడి బండ మీద దాని కాలు జారి విచ్చుకుంది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి, ఆపరేషను, మంచం. మూడు నెలలు గడిచాక డాక్టరమ్మ ఆయన్ని పక్కకు పిలిచింది.

"తాతగారూ, ఇలా పడుకోబెట్టి ఉంచితే గుండెల్లో నెమ్ము చేరుతుంది. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట నిటారుగా కూర్చోవాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. కాళ్ళు వేలాడకూడదు. కింద మాత్రం కూర్చోబెట్టకండి, మళ్ళీ లేవలేరు."

"ఎన్నాళ్ళమ్మా అలా?"

డాక్టరమ్మ చీటీ మీద రాస్తున్నది ఆపలేదు. "కూర్చున్నన్నాళ్ళు మనకు ఉంటారు" అంది మెల్లగా.

కూర్చోవడమేమన్నా బ్రహ్మవిద్యా అనిపిస్తుంది మనకు. నులకమ్మకు అదే కొండంత పనైంది. ఆయన చెల్లెలు ఆ పక్క ఇంట్లోనే ఉంటుంది. పొద్దున లేచింది మొదలు నోరు మూయదని వీధిలో ఆమెను రేడియో అంటారు. ఆమె చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"వదినా, ఇదిగో నీ సింహాసనం. ఎక్కి కూర్చుని మా అన్న మీద అధికారం చెలాయించు."

ఇద్దరూ పట్టుకుని కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ కాళ్ళు ఆమె బరువుకు కాస్త విచ్చుకున్నాయో లేదో, నులకమ్మ ఒళ్ళంతా చెమట. రెండు చేతులతో మొగుడి చొక్కా పట్టుకుంది. "దించేయండి, దించేయండి" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. రేడియో కూడా నోరు మూసుకున్న రోజు అది.

సంగతి తెలిసి టీ కొట్టు అతను తన దుకాణంలోని పాత స్టూలు మోసుకొచ్చాడు. ఎప్పుడో తరిమెనాయన చేసిందే. గిన్నె పెట్టుకోవడానికి వీలుగా దాని కాళ్ళు ఎప్పుడో సగానికి కోయించేశాడు, మరీ పొట్టిదైపోయింది. "మామా, మీ చేతి పని కోసిన పాపం నాది" అని తల దించుకున్నాడు. దర్జీ దగ్గరున్నది మిషను ఎత్తుకు తగ్గట్టు చేసినది, ఆమె పాదాలు అందవు. అడిగితే ఎవరూ లేదనలేదు, కానీ అన్నీ ఎవరి కొలతకు వాళ్ళకు చేసినవే, ఏదీ సరిపోలేదు.

ఆ సాయంత్రం నులకమ్మే అంది: "ఏమయ్యా, నువ్వు చెయ్యి ఒకటి. నీ చేతిదైతే భయం లేకుండా కూర్చుంటా."

ఆయన తన ఎడమ చేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు.

అంతకు ముందు ఏడాది ఆయనకు పక్షవాతం తగిలి పోయింది. మూతి కొంచెం వంకరపోయి మళ్ళీ చక్కబడింది. మాట వచ్చింది, నడక వచ్చింది. అందరూ దేవుడు చల్లగా చూశాడన్నారు. ఎడమ చేతి వేళ్ళూ ఎడమ చెంపా మాత్రం తన ఒంటివి కానట్టు ఉండిపోయాయి. టీ తాగేటప్పుడు ఆ పక్కనుంచి కారితే, ఎవరూ చూడకముందే తుండుతో తుడుచుకునేవాడు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పలేదు, ఇంట్లో అసలే చెప్పలేదు. తరిమెన మీద గుడ్డ కప్పేసి, "ఇప్పుడెవరు కొంటున్నారులే" అని ఊరుకున్నాడు.

"ఏంటయ్యా ఆలోచన? కష్టమా?"

"కష్టమేముందే. కొలత తియ్యాలి."

మంచం పక్కన గొంతుకూర్చుని, ఆమె మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా జానతో కొలిచాడు. రెండు జానలకు మూడు వేళ్ళు తక్కువ.

"అబ్బ, కితకితలయ్యా! పెళ్ళైన నలభై ఏళ్ళకు నా కాళ్ళు పట్టుకున్నావు."

"ఇన్నాళ్ళూ పట్టుకోలేదనే కాబోలు, విరగ్గొట్టుకున్నావు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఆయనకు ధైర్యం వచ్చింది. పొద్దున్నే గుడ్డ తీసి, తరిమెనను తుడిచి, రెండు చేతులూ దాని మీద ఆనించి ఒక్క నిమిషం నిలబడ్డాడు. తన కోసం ఏదీ అడగడం అలవాటు లేని మనిషి. "ఇదొక్కటి కుదరనియ్యి తండ్రీ" అన్నాడు.

ఆయన స్టూళ్ళలో జిగురు ఉండదు, మేకు ఉండదు. దాని కిటుకు ఒక్కటే. కాళ్ళు పచ్చికర్రతో చేస్తాడు. అడ్డకర్రలు బాగా ఎండినవి వాడతాడు. ఎండిన అడ్డకర్ర చివరను కుసిగా, అంటే బెజ్జంలో దూరే సన్నటి కొసగా తీర్చి, పచ్చికాలికి బెజ్జం వేసి అందులో దిగ్గొడతాడు. కాలు నెలల తరబడి ఎండుతూ బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతూ ఆ కుసిని గుప్పిట్లో పట్టినట్టు పట్టేస్తుంది. ఇక లాగినా రాదు. అదే తిరగబడి, అడ్డకర్ర పచ్చిదైతే, బెజ్జంలో ఉన్నదే సన్నబడుతుంది. బిగించిన రోజు రాయిలా ఉంటుంది, నెల తిరిగేసరికి ఊగుతుంది.

కలప అడితీ అతను అప్పుడే కోసిన దుంగ ఒకటి రిక్షాలో వేసి పంపాడు. కాళ్ళకు అది చాలు. అడ్డకర్రలు ఎనిమిది కావాలి. కూర్చునే చోటు చుట్టూ నాలుగు, కింద నాలుగు. పొయ్యి మీది అటకలో పాతవి ఐదే దొరికాయి. మిగతా మూడూ ఆ పచ్చిదుంగ నుంచే చీల్చి, అటక మీద పెట్టాడు. పొయ్యి వేడికి రెండు నెలల్లో ఎండాలి.

ముసురు పట్టింది. గోడలే చెమ్మ కక్కుతుంటే కర్ర ఎలా ఎండుతుంది? ఐదో వారానికి నులకమ్మకు దగ్గు మొదలైంది. పొడిదగ్గు కాదు. గుండెల్లో ఏదో కదిలినట్టు, తడిగా వినిపించే దగ్గు. రేడియో వదినగారి వీపు నిమురుతూ, "అన్నయ్యా, ఆ కర్రలకు ముహూర్తం ఎప్పుడు? వదిన కూర్చునేది ఈ జన్మలోనేనా?" అని కసిరింది. కసిరి, ఎవరూ చూడకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆయన నిచ్చెన ఎక్కి ఆ మూడు కర్రలూ దించాడు. కర్ర ఎండిందో లేదో చూడటం ఆయనకు వాళ్ళ నాన్న నేర్పాడు. వేళ్ళు మోసం చేస్తాయి, కాయలు కాసి ఉంటాయి కాబట్టి. కర్రను కింది పెదవికి ఆనించాలి. పచ్చిదైతే చల్లగా తగులుతుంది, ఎండినదైతే తగలనట్టే ఉంటుంది. నలభై ఏళ్ళుగా కుడిచేతిలో ఉలి ఉంటుంది గనక ఎడమ చేత్తో కర్ర ఎత్తి, పెదవి ఎడమ మూలకు ఆనించడమే ఆయన అలవాటు. ఆ రోజూ అలాగే ఆనించాడు. ఒకటి, రెండు, మూడు.

చల్లగా లేదు.

"ఎండాయే!" అని గట్టిగా కేక వేశాడు. "దేవుడి దయ, ఈ ముసురులో కూడా ఎండాయి."

మోటారు తిరిగింది. వంటింటి వెనక వసారా అంతా పొట్టు ఎగిరింది. ఎడమ చేతి వేళ్ళకు తెలియకపోయినా కుడిచెయ్యి పాత రోజులు గుర్తు పెట్టుకుంది. కాళ్ళకు నడుమున చుట్టూ ఉబ్బెత్తుగా రెండేసి గాజులు తీర్చాడు. ఇరుకు మంచం మీంచి నులకమ్మ ఆ చప్పుడు వింటూ, "ఇప్పుడు గాజు తీస్తున్నాడు… ఇప్పుడు గరుకు కాగితం పట్టాడు" అని ఆడపడుచుకు చెబుతోంది.

"నాకెందుకు వదినా, నాకు మోటారు గోలే వినిపిస్తుంది."

"నీ గోలలో మోటారు గోల వినిపించడమే గొప్ప."

రెండు రోజుల్లో చట్రం బిగించాడు. ఎక్కి నిలబడ్డాడు, కదల్లేదు. కాలి అడుగున చుక్క పొడిచి, తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. వెనక తలగడలు ఎత్తి ఆమెను ఏటవాలుగా కూర్చోబెట్టారు. నులకమ్మ అల్లికకు ముందు ఎప్పుడూ చేసేదే చేసింది. వేలి కణుపుతో ఒక్కొక్క కర్ర మీదా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. టక్. టక్. కింది వరుసకు వచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ కొట్టింది.

"ఏమే, బాగుందా?"

ఆమె తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది. ఎడమ పెదవి మూల టీ చార ఒకటి ఎండిపోయి ఉంది. కొంగు తీసి తుడిచింది.

"బాగుందయ్యా. నీ పనికేం" అంది.

నులక తడిపి ఇచ్చాడు. పడుకుని అల్లడానికి నాలుగు రోజులు పట్టింది. చేతిలో బలం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఎప్పుడూ లేనంత బిగువుగా లాగి అల్లింది. పైన గళ్ళ అల్లిక అయ్యాక కింద అడ్డకర్రలకు కూడా నులక చుట్టింది. కర్ర కాల్లోకి దిగే చోట, అటూ ఇటూ గుణకారం గుర్తులా వేసి, కాలి చుట్టూ తిప్పి, గట్టిగా కట్టింది.

"ఇదేంటే, కొత్త ఫ్యాషను?"

"అందానికి."

"అందానికైతే నాలుగు వైపులా ఉండాలిగా? మూడింటికే కట్టావు, ముందుదాన్ని వదిలేశావు."

"నులక అయిపోయింది" అంది.

చివరి ముడి దగ్గర కళ్ళు మూసుకుంది. మామూలు కంటే ఎక్కువసేపు మూసుకుంది. "ఏం అడిగావే దేవుణ్ణి?" అంటే, "కూర్చునేది నేనేగా, నాకు నేను అడుక్కుంటే ఏం బాగుంటుంది? నీ కోసం అడిగాలే" అని ముడి బిగించింది.

మర్నాటి నుంచి నులకమ్మ కూర్చుంది. కిటికీ పక్కన, నిటారుగా, పాదాలు రెండూ నేలకు ఆని. టీ కొట్టు అతను వీధిలోంచే దండం పెట్టాడు. దర్జీ భార్య పనిగట్టుకుని వచ్చి చూసిపోయింది. దగ్గు తగ్గింది. ఎప్పుడూ ఒక చెయ్యి కిటికీ ఊచ మీద ఉంచేది. ఎందుకని అడిగితే, "ఇనుము చల్లగా హాయిగా ఉంటుంది" అనేది. పదిహేను నిమిషాలకే అలసిపోయి, కాళ్ళు వణుకుతుంటే, "రేపు ఇంకాసేపు కూర్చుంటాలే" అనేది. డాక్టరమ్మ గంట చెప్పింది కదా అని ఆయన బతిమాలేవాడు.

"తొందరేముందయ్యా. స్టూలు ఎక్కడికీ పోదుగా."

పంతొమ్మిదో రోజు పొద్దున ఆమె కూర్చోబోతుంటే టక్కుమని చప్పుడైంది. ఆమె రెండు చేతులతోనూ ఊచలు పట్టుకుంది.

"ఏమైందే?"

"మోకాలయ్యా. ముసలి మోకాలు. తల తిరిగింది, పడుకోబెట్టు."

మర్నాడు ఓపిక లేదంది. ఆ మర్నాడూ అదే. రేడియో తిట్టింది, బతిమాలింది, ఏడ్చింది. ఎక్కడి నుంచో ఇనుప కుర్చీ అడిగి తెచ్చింది. నులకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. రెండు వారాలకు నెమ్ము మళ్ళీ చేరింది. ఈసారి కుర్చీలో కూర్చోబెట్టబోతే వెన్ను నిలవలేదు, తడిసిన గుడ్డలా పక్కకు ఒరిగిపోయింది. డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసి, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది. మందుల సంగతి ఏమీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం గంజి పట్టడానికి ఆయన స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె స్టూలు అని అప్పటిదాకా దాని మీద ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చోగానే టక్కుమంది.

ఆ చప్పుడు ఆయనకు తెలుసు. పంతొమ్మిదో రోజు విన్నదే. మోకాలు కాదు.

గంజి గిన్నె కింద పెట్టి, వసారాలోకి తీసుకెళ్ళి స్టూలు తిరగేశాడు. అందానికి కట్టిన నులక ముడి ఒకటి విప్పాడు. అడ్డకర్ర చేతిలోకి ఊడి వచ్చింది. రెండో ముడి విప్పితే రెండోది. మూడోదీ అంతే. ముందు వైపుది, కట్టనిది, లాగి చూస్తే అంగుళం కూడా కదల్లేదు. అది పాత అటక కర్ర. తలెత్తి చూస్తే గోడ మేకుకు నులక చుట్ట వేలాడుతోంది, సగానికి పైగా మిగిలినది.

ఆ మూడింటికే ఎందుకు కట్టిందో అప్పుడు తెలిసింది. వేలి కణుపు ఆగింది ఎక్కడో, పచ్చికర్ర మొద్దు చప్పుడు ఆమెకు వినిపించింది ఎప్పుడో తెలిసింది. బిగువుగా ఉన్న రోజే ఆమెకు తెలుసు. ఇనుప కుర్చీ ఎందుకు వద్దందో కూడా తెలిసింది: అందులో కూర్చుంటే, ఈ స్టూలుకేమైందని తను అడిగేవాడు.

అక్కడే కుండలోంచి చల్లటి నీళ్ళు గ్లాసులోకి వంపుకున్నాడు. గ్లాసును పెదవి కుడి మూలకు ఆనించాడు. జిల్లుమంది. ఎడమ మూలకు ఆనించాడు.

తగలనట్టే ఉంది.

కొత్త కర్రలు చీల్చి ఎండబెట్టాలంటే ముసురు పోవాలి, రెండు నెలలు కావాలి. మేకులు కొట్టి బిగించవచ్చు. బిగించి ఎవరిని కూర్చోబెట్టాలి? "కదులుతోందయ్యా, నీ చెయ్యి తప్పింది" అని ఒక్క మాట ఆ మొదటి రోజే అని ఉంటే, అడితీ అతనే ఏదో ఒకటి బిగించి ఇచ్చేవాడు. ఆ ఒక్క మాట అనడం ఇష్టం లేక మనిషి మంచానికి పోయింది. తప్పు ఎవరిదని దేవుణ్ణి అడుగుదామనుకున్నాడు. అడగలేకపోయాడు.

అడ్డకర్రలు మళ్ళీ బెజ్జాల్లో పెట్టి, ఆమె కట్టినట్టే అటూ ఇటూ వేసి, నులక చుట్టాడు. ఎడమ వేళ్ళు తాడు పట్టడం లేదు, పళ్ళతో పట్టుకుని ముడి వేశాడు. లోపలికి తెచ్చి మంచం పక్కన పెడుతుంటే ఆమె కళ్ళు తెరిచింది.

"ఏం చేస్తున్నావయ్యా ఇంతసేపు?"

"నులక వదులైతే… మళ్ళీ కట్టాను."

ఆమె ఆయన చేతుల వైపు, స్టూలు వైపు చూసింది. "అందానికేగా. ఉండనీ."

"ఊఁ. అందానికే."

"కూర్చో. నిలబడి ఏం పడతావు గంజి. గట్టిగా కూర్చో, నీ చేతిది, నిన్ను మొయ్యదా?"

ఆయన కూర్చున్నాడు. నులక ఒంటికి తగిలేంత వరకే కూర్చుని, మిగతా బరువంతా మోకాళ్ళ మీద ఆపుకున్నాడు. చెంచాతో గంజి పట్టాడు. రెండు చెంచాలు లోపలికి పోయాయి, మూడోది కారిపోయింది. ఆమె కొంగుతోనే తుడిచాడు. కాసేపటికే ఆయన తొడలు వణకడం మొదలుపెట్టాయి. పట్టు కోసం కుడిచెయ్యి కిటికీ వైపు చాచాడు. ఊచ మీద ఒకచోట రంగు పోయి, ఇనుము తేలి ఉంది, సరిగ్గా ఆమె గుప్పిటంత మేర. అక్కడే పట్టుకున్నాడు.